దుబాసీకి రాని మాట

నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఒక ఇనుప సామాన్ల కొట్టు. కంప్యూటరు పనికి ఇనుప కొట్టేమిటని ఇప్పటికీ అందరూ నవ్వుతారు గానీ, జరిగింది అదే.

ఎనభైల నడిమి రోజులు. వాల్తేరులో లెక్కల ఎమ్మెస్సీ చేస్తూ ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాషని ఒక పేపరుగా చదువుకున్నాను. చదువయ్యాక రాజమండ్రిలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. బజారులో మేకులు, గొలుసులు, గడ్డపారలు, బొక్కెనలు అమ్మే షావుకారుగారు ఒకాయన కొట్టు మేడమీద కంప్యూటర్ సెంటర్ పెడుతున్నారని, లెక్కలు వచ్చిన వాళ్ళు కావాలంటున్నారని మా పెదనాన్న కబురు తెచ్చారు. మర్నాడే వెళ్ళాను. తూకం వేస్తున్న మేకుల్ని వదలకుండానే ఆయన నన్ను ప్రశ్నలడిగారు.

“ఇంగ్లీషు టైపు వచ్చా అమ్మా?”

“వచ్చండి.”

“కంప్యూటరంటే భయపడవు గదా?”

“భయం లేదండి.”

“నాకు భయమేనమ్మా. అంచేతే నిన్ను పెట్టుకుంటున్నాను. రేపట్నించి వచ్చేయ్. ఇదిగో, షావుకారుగారూ అని పిలవకు. బేరానికొచ్చినట్టుంటుంది. బాబాయిగారూ అను.”

అదే నా ఇంటర్వ్యూ.

మేడమీద గది మధ్యలో బల్ల, దాని మీద కంప్యూటరు, దాని మీద పసుపు రంగు గుడ్డ, గుడ్డ మీద కుంకుమ బొట్టు. పక్కన అచ్చువేసే ప్రింటరు. కింద కరెంటు హెచ్చుతగ్గుల్ని సర్దే పెద్ద స్టెబిలైజరు. ఆ బజారు మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. అందుచేత కంప్యూటరు కన్నా ఏసీకే వచ్చేపోయేవాళ్ళు ఎక్కువ. బాబాయిగారి భార్య, ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని, మల్లెపూల బుట్ట, మజ్జిగ చెంబు తెచ్చి గోడవార పెట్టేవారు. ఎండలు ముదిరాక వాటి పక్కన మామిడిపళ్ళు కూడా చేరాయి. కొట్టుకి గొలుసులు కొనడానికి వచ్చిన రైతులు పైకొచ్చి, చెప్పులు విప్పి, “ఆయ్, ఓ పాలి చూసి పోదారనొచ్చేం” అని కాసేపు చల్లగా కూర్చుని వెళ్ళేవారు.

సెంటరుకి డైరెక్టరుగా ఒక మాస్టారిని పెట్టారు. ఊళ్ళో కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎప్పుడో, కార్డులకి చిల్లులు పొడిచి కంప్యూటరుకి లెక్కలిచ్చే రోజుల్లో, ఒక వేసవి శిక్షణలో పాత ఫోర్ట్రాన్ నేర్చుకున్నారు. నేను నేర్చుకున్నది ఆ తరవాత మార్పులు చేసి, కొత్త నియమాలతో వచ్చిన ఫోర్ట్రాన్. ఈ తేడా పెద్దదేమీ కాదని మొదటి వారంలో అనుకున్నాను.

రెండో వారంలో బాబాయిగారు పెనుగొండ వెళ్ళి వచ్చారు. అక్కడ గుడి సత్రంలో వాళ్ళ కులంవాళ్ళందరూ కలిసి పెళ్ళీడు పిల్లల పరిచయ సభ పెట్టాలనుకున్నారట. మాటల సందర్భంలో ఈయన లేచి నిలబడి, “ఈసారి పొంతనలు కాగితం మీద కాదండి, కంప్యూటరు మీద. మెషీను నేను పట్టుకొస్తాను” అనేశారట. చప్పట్లు కొట్టారట. మాకు ఆ చప్పట్ల సంగతి చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

“చెప్పేశానమ్మా. ఇక నీదే భారం.”

పొంతనలు చూసే సిద్ధాంతిగారు పట్టికలన్నీ ఇచ్చారు. అబ్బాయి నక్షత్రం, అమ్మాయి నక్షత్రం ఇస్తే, రకరకాల పొంతనలకి మార్కులు లెక్కగట్టి, చివరికి ఉత్తమం, మధ్యమం, అధమం అని యంత్రం తీర్పు చెప్పాలి. ఇందులో లెక్క తక్కువ, ‘ఒకవేళ ఇలా అయితే’లు ఎక్కువ. ఇలా అయితే ఇది చెయ్యి. కాకపోతే, అలా అయితే అది చెయ్యి. అదీ కాకపోతే మరోటి చెయ్యి. ప్రోగ్రాము నిండా ఈ మెట్లే. పాత ఫోర్ట్రాన్‌లో ఇలా రాయడానికి వీల్లేదు. వరసలకి నంబర్లు వేసి, ‘గో టు ఫలానా నంబరు’ అని ఎక్కడికక్కడ దూకించాలి. కొత్త ఫోర్ట్రాన్‌లో అందుకోసమే ‘ఎల్స్ ఇఫ్’ అనే మాట చేర్చారు. కాకపోతే, ఒకవేళ అని దాని అర్థం. చదివితే మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. నాకు ఆ మాటంటే ఎంతో ఇష్టం.

కష్టపడి ప్రోగ్రామంతా రాసి, టైపుచేసి, కంపైలరుకి ఇచ్చాను. కంపైలరంటే ఏంటని బాబాయిగారు అంతకుముందే అడిగారు. మనం రాసింది చదివి, యంత్రానికి తెలిసిన భాషలోకి మార్చేది అని చెప్పాను. “దుబాసీ అన్నమాట” అన్నారాయన. నిజానికి అంతకన్నా బాగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

దుబాసీగారు నా ప్రోగ్రాము చదివారు. ఎల్స్ ఇఫ్ అని ఉన్న ప్రతి వరస దగ్గరా ఆగి, తెర మీద ‘ఇల్లీగల్ స్టేట్‌మెంట్’ అని ఆకుపచ్చ అక్షరాలతో రాసుకుంటూ పోయారు. తెర నిండిపోయింది.

అప్పుడే పైకొచ్చిన బాబాయిగారు నా వెనక నిలబడి కూడబలుక్కుని చదివారు. గబగబా వెళ్ళి తలుపు గడియ పెట్టారు.

“ఇల్లీగల్ అంటందేంటమ్మా?”

“అంటే, వాక్యం తప్పుగా ఉందనండి.”

“అంత మాట అనాలా దానికి? సేల్స్ టాక్సు వాళ్ళు గాని ఇప్పుడు పైకొస్తే ఏమనుకుంటారు? ముందా టీవీ ఆపెయ్.”

ఆ రోజు నుంచి తప్పులు వచ్చినప్పుడల్లా ఆయన తలుపు వెయ్యడం మానలేదు.

నేను పుస్తకం తీసి సరిచూసుకున్నాను. నేను రాసింది అక్షరం పొల్లు పోకుండా సరిగ్గానే ఉంది. మెషీనుతో ఇచ్చిన పుస్తకంలో కూడా తమ కంపైలరు కొత్త ఫోర్ట్రాన్ అంతా ఒప్పుకుంటుందనే వేశారు. ప్రోగ్రాములో అక్కర్లేనివన్నీ తీసేస్తూ, తీసేస్తూ, చివరికి అయిదారు వరసలు మిగిల్చాను. అయినా అదే మాట. ఎల్స్ ఇఫ్ తీసి ఉత్త ఎల్స్ పెడితే కిక్కురుమనకుండా ఊరుకుంటుంది. ఎల్స్ ఇఫ్ పెడితే ఇల్లీగల్.

“మాస్టారూ, కంపైలరు తప్పండి” అన్నాను.

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“ఏంటి? కంపైలరు తప్పా? దాన్ని తయారుచేసినవాళ్ళు నీకన్నా తెలివితక్కువవాళ్ళంటావా?”

“అలా కాదండి. నేను రాసింది నియమం ప్రకారం కరెక్టండి.”

“యంత్రానికి నీమీద కక్షేముంటుందమ్మాయ్? దానికి రాదనుకో, రాదని చెబుతుంది. తప్పనుకో, తప్పని చెబుతుంది. అసలా ఎల్స్‌లూ అవీ ఏంటి, వ్యాసం రాస్తున్నట్టు! మేం ఇవేమీ లేకుండా గో టు లతో ఎన్ని లెక్కలు చేశామో తెలుసా? ఆ పట్టికలు ఇలా తే.”

ఆయన పెన్సిలు చెక్కుకుని, నాలుగైదు రోజులపాటు తెల్లకాగితాల మీద తన పద్ధతిలో ప్రోగ్రాము రాశారు. నేను టైపు చేశాను. ఆ కాగితాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి బాణాలే బాణాలు. కంపైలరు మాత్రం చప్పుడు చెయ్యకుండా ఒప్పుకుంది. మాస్టారు నావైపు ఓసారి చూసి, పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. బాగా కుదిరిన జంట ఒకటి ఇచ్చి చూశాం, ఉత్తమం అంది. అస్సలు కుదరని జంట ఇచ్చాం, అధమం అంది. ఏ జంటనిస్తే ఏం రావాలో సిద్ధాంతిగారు ముందే చెప్పి ఉంచారు. రెండూ సరిపోయాయి. మాస్టారు కాఫీ తెప్పించారు.

బాబాయిగారు ఉత్సాహంగా మెట్ల దగ్గరికెళ్ళి, “ఏవే, ఓసారి పైకి రా” అని పిన్నిగారిని కేకేశారు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు.

“మన నక్షత్రాలు వేయిద్దాం. సభలో అందరికీ చూపించేముందు మనతో మొదలెడితే శుభం.”

“పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోయాక ఇప్పుడు మనకెందుకండీ?” అన్నారావిడ.

“సరదాకే!”

నక్షత్రాలు కొట్టాను. ప్రింటరు కర్రుకర్రుమని అటూ ఇటూ తిరిగి కాగితాన్ని బయటికి తోసింది. అప్పట్లో తెలుగు అక్షరాలు ఎక్కడివి? ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది తీర్పు. బాబాయిగారు కాగితం చింపి, కాస్త దూరంగా పట్టుకుని చదివారు.

“ఏం వచ్చిందండీ?” అన్నారు పిన్నిగారు.

ఆయన కాగితం నా చేతికిచ్చేశారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నావైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మా.”

“అధమం అండి” అన్నాను నెమ్మదిగా.

పిన్నిగారు కాసేపు ఆ కాగితం వైపు, తరవాత కంప్యూటరు వైపు చూశారు. ఆ చూపులో కోపమేమీ లేదు. దాని మీద కొత్తగా గౌరవం కలిగినట్టుంది.

“మెషీనంటే ఏమో అనుకున్నాను గానీ, తెలివైందే” అన్నారు.

“అదేంటే!”

“మా మేనత్త అప్పుడే చెప్పింది, ఈ సంబంధం వద్దని. మా నాన్న వింటేనా?” అంటూ మజ్జిగ చెంబు తీసుకుని కిందికి వెళ్ళిపోయారు.

పాపం, బాబాయిగారు ఆ పూట మేకులు తూచడంలో కూడా తప్పులు చేశారు. సాయంత్రం నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, “మెషీను చెప్పిందంటే అంతేనంటావా? మేం బాగానే ఉంటామమ్మా. ఎప్పుడన్నా పప్పులో ఉప్పు గురించి ఓ మాట అనుకుంటాం, అంతే” అన్నారు. ఆయన ముఖం చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మాస్టారి కాగితాలు ముందేసుకుని బాణాల వెంట ఒక్కొక్కటే వెళ్ళాను. కారణం దొరికింది. మార్కులు మధ్యరకంగా వస్తే మధ్యమం అని గుర్తు పెట్టుకుని, అక్కణ్ణించి చివరికి దూకాలి. దూకమని చెప్పే గో టు అక్కడ లేదు. మాస్టారు రాయడం మరిచిపోయారు. దాంతో యంత్రం మధ్యమం మెట్టు మీద ఆగకుండా కిందికి జారి అధమంలో పడుతోంది. మంచి జంటలకీ చెడ్డ జంటలకీ ఏ ఇబ్బందీ లేదు. మధ్యరకం వాళ్ళందరూ మునిగిపోతారు. లోకంలో ఉన్నది ఎక్కువగా వాళ్ళే కదా!

మాస్టారికి చూపించాను. ఆయన కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసి, “పెన్సిలు గీత చెరిగిపోయినట్టుంది” అన్నారు. తరవాత ఒక గో టు చేర్చారు.

“ఇదొక్కటే కాదండి. ఇలాంటి మెట్లు ప్రోగ్రాము నిండా ఉన్నాయి. ఇంకెక్కడెక్కడ చెరిగిపోయాయో! ఎల్స్ ఇఫ్ అయితే అసలు జారిపడే వీలే ఉండదు” అన్నాను.

అప్పటిదాకా వింటున్న బాబాయిగారు లేచి నిలబడ్డారు. “ఇంకెవరి కాపురమూ నాదిలా కాకూడదు. ఆ మాటేదో ఈ మెషీను ఒప్పుకోవాల్సిందే. కంపెనీకి టెలిగ్రాం కొట్టు.”

మెషీను మద్రాసు నుంచి వచ్చింది. దాన్ని బాగుచేసే ఇంజనీరు కూడా అక్కణ్ణించే రావాలి. పరిచయ సభ నెత్తిమీదకి వచ్చిన సమయంలో ఆయన దిగాడు. నా ఈడువాడే. మెడకి టై, చేతిలో సూట్‌కేసు, మే నెల ఎండకి టై తడిసి మెడకంటుకుపోయి ఉంది. తెలుగువాడే గానీ చిన్నప్పట్నించి మద్రాసులో పెరిగాడట. మజ్జిగ తాగి, ఏసీ కింద కాసేపు నిలబడి, నా అయిదారు వరసల ప్రోగ్రాము చూశాడు.

“ఎల్స్ ఇఫ్ అని మీరు సొంతంగా పెట్టారా మేడమ్?”

ఒళ్ళు మండిపోయింది. “మీ పుస్తకంలోనే ఉందండి” అని తీసి చూపించాను. ఆయన చదివి, వెనక్కి తిప్పి అట్ట చూసి, మళ్ళీ చదివాడు.

“ఉంది” అని ఒప్పుకున్నాడు. “ఒకసారి ఆఫీసుకి ట్రంక్ కాల్ చేస్తాను.”

ఫోను కింద కొట్లో ఉంది. కాల్ బుక్ చేసి, మధ్యాహ్నం దాకా కూర్చుంటే లైను దొరికింది. మద్రాసు వినిపించాలంటే బజారంతా వినిపించేంత గట్టిగా అరవాలి. గొలుసులు బేరమాడుతున్నవాళ్ళు బేరం ఆపి మరీ విన్నారు.

“ఎల్స్! ఎల్స్ ఇఫ్! హలో! ఎల్స్ వస్తోంది సార్, ఎల్స్ ఇఫ్ రావట్లేదు! ఎల్స్! ఈ ఫర్ ఏలూరు!”

మధ్యలో ట్రంకు ఆపరేటరమ్మాయి గొంతు దూరింది. నాకు కూడా వినిపించింది. “ఏవండీ, ఎల్సీగారు కావాలంటే పర్సనల్ కాల్ బుక్ చేసుకోవాలండి. మీరు చేసింది ఆర్డినరీ కాల్.”

“ఎల్సీ కాదమ్మా, ఎల్స్!”

“ఎవరైనా సరేనండి, రూల్ అదే.”

ఎదుటి తాళ్ళ కొట్టాయన ఆ సాయంత్రమే నన్ను పక్కకి పిలిచి అడిగాడు. “పాపం, ఆ మద్రాసబ్బాయికి ఆ ఎల్సీ అనే అమ్మాయి దొరికిందా అమ్మా? వాళ్ళింట్లో ఒప్పుకోవట్లేదా ఏంటి?” ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు.

ఏమైతేనేం, మద్రాసు ఆఫీసులో వాళ్ళు అక్కడికక్కడే టైపుచేసి చూశారు. ఎల్స్ ఇఫ్ అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తోందట. ఇంజనీరు ఫోను పెట్టేసి, రుమాలుతో మొహం తుడుచుకుని, విజయం సాధించినవాడిలా మేడెక్కాడు.

“అక్కడ పనిచేస్తోంది మేడమ్. తప్పు మీ టైపింగులోనే ఉండాలి.”

“నేను చెప్పలేదూ!” అన్నారు మాస్టారు.

“అయితే మీరే టైపు చెయ్యండి” అని కుర్చీ వదిలేశాను.

ఇంజనీరు కూర్చుని, రెండు వేళ్ళతో టకటకా కొట్టేసి, కంపైలరుకి ఇచ్చాడు. అందరం తెర వైపు చూస్తున్నాం. బాబాయిగారి చెయ్యి అప్పటికే తలుపు గడియ మీద ఉంది. ఇల్లీగల్ అనే మాట రాలేదు. దుబాసీగారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

నా చెవులు వేడెక్కాయి. ఇన్ని రోజుల పట్టుదల, ఇంత గొడవ, టెలిగ్రాము, ట్రంకు కాలు! ఇప్పుడు తప్పు నాదేనని తేలితే ఈ మెట్లు ఎలా దిగి ఇంటికి వెళ్ళాలో తెలియలేదు. అయినా ఏదో అనుమానం వదల్లేదు. తెరకి దగ్గరగా వంగి, ఆయన కొట్టిన వరసల్ని అక్షరం అక్షరం నా కాగితంతో పోల్చి చూశాను. అన్నీ అవే. ఒక్కటే తేడా. నేను ఎల్స్ రాసి, కాస్త ఖాళీ వదిలి, ఇఫ్ రాశాను. ఆయన హడావుడిలో రెండూ కలిపి కొట్టేశాడు. మద్రాసు ఆఫీసువాళ్ళూ అలాగే కొట్టి ఉంటారు.

నేను ముందుకి వంగి, మధ్యలో ఒక్క ఖాళీ కొట్టి, మళ్ళీ ఇచ్చాను. ఇల్లీగల్ స్టేట్‌మెంట్. ఖాళీ తీసేసి ఇచ్చాను. ఒప్పుకుంది. మళ్ళీ పెట్టాను. ఇల్లీగల్.

“ఇదండీ సంగతి. మధ్యలో ఖాళీ ఉంటే ఎల్స్ దాకా చదివి ఆగిపోతోంది. ఆ తరవాతున్న ఇఫ్‌ని చూసి, వీడెవరో పరాయివాడని గోల చేస్తోంది” అన్నాను.

బాబాయిగారు తలుపు దగ్గర్నుంచి వచ్చారు. “ఖాళీ అంటే ఏమీ లేకపోవడమే గదమ్మా?”

“అంతేనండి.”

“ఏమీ లేనిదాన్ని పట్టుకుని ఇల్లీగల్ అంటోందా?”

ఇంజనీరు తేలిగ్గా నవ్వాడు. “అయితే ఖాళీ పెట్టకండి మేడమ్. సరిపోయింది కదా. ప్రాబ్లం సాల్వ్‌డ్.”

అప్పుడు జరిగింది నేను కలలో కూడా అనుకోనిది. మాస్టారు కుర్చీలోంచి లేచారు.

“సరిపోవడం ఏంటయ్యా? ఫోర్ట్రాన్‌లో ఖాళీకి విలువ లేదు! కలిపి రాసినా విడదీసి రాసినా ఒకటే. మాకు మొట్టమొదటి రోజున, మొట్టమొదటి గంటలో చెప్పిన సూత్రం అది. గో టు కలిపి రాస్తాను, విడిగా రాస్తాను, నా ఇష్టం. ఎవరడుగుతారు? ఈ అమ్మాయి రాసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మీ కంపైలరే తప్పు!”

అంతవరకూ ఎల్స్ ఇఫ్‌ని వ్యాసం అన్న మనిషి ఈయనేనా అనిపించింది. ఆయనకి కొత్త మాట మీద ప్రేమ పుట్టలేదు. తను నేర్చుకున్న పాత సూత్రానికి అవమానం జరిగిందని బాధ. కారణం ఏదైనా, నా పక్షాన ఒక మనిషి నిలబడ్డందుకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. సాయంత్రం మద్రాసు మెయిలు అందుకోవాలి. సూట్‌కేసులోంచి కాగితం తీసి, వచ్చిన పని పూర్తయిందని రాసి, సంతకానికి బాబాయిగారి ముందు పెట్టాడు. బాబాయిగారు పెన్ను అందుకోలేదు.

“బాబూ, నేనొక గొళ్ళెం అమ్మాననుకోండి. అది తలుపుకి పట్టలేదు. తలుపు కాస్త చెక్కించుకోండి, పడుతుందని చెబుతాను. కొన్నాయన చెక్కించుకుంటాడు కూడా. కానీ వంకర నా గొళ్ళెంలో ఉందని ముందు నేను ఒప్పుకోవాలండి. లేకపోతే రేపు ఇంకో తలుపుకీ అదే అమ్ముతాను. తప్పు మీదేనని అందులో రాయండి, సంతకం పెడతాను.”

“అలా రాస్తే ఆఫీసులో నన్ను తిడతారండి.”

“రాయకపోతే ఈ అమ్మాయినే కదా అందరూ తప్పుపడతారు?”

ఆయన తల గోక్కున్నాడు. కిందినుంచి రిక్షావాడు బండికి టైమైందని కేకేస్తున్నాడు. చివరికి ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు. మాస్టారు అందుకుని పైకి చదివారు. కంపైలరుకి ఖాళీ అంటే ఇష్టం లేదు అని రాసి ఉంది.

“ఇష్టం ఏంటయ్యా, దానికి ఇష్టాయిష్టాలేంటి? సరైన వాక్యాన్ని తప్పుగా తిరస్కరిస్తోంది అని రాయి” అని కాగితం వెనక్కి తోశారు. ఇంజనీరు ఆ వాక్యం కొట్టేసి, మాస్టారు చెప్పినట్టే రాశాడు. బాబాయిగారు సంతకం పెట్టారు. ఇంజనీరు రిక్షా ఎక్కుతుంటే పిన్నిగారు పరుగున వెళ్ళి పులిహోర పొట్లం చేతిలో పెట్టి, “దార్లో తిను నాయనా. ఆ అమ్మాయి విషయం దిగులు పెట్టుకోకు” అన్నారు. తాళ్ళ కొట్టాయన ఆవిడతో కూడా చెప్పేశాడన్నమాట.

ఖాళీలన్నీ తీసేసి నా ప్రోగ్రాము ఇచ్చాను. మొదటిసారికే నడిచింది. కంప్యూటరుకి రెండు బొంతలు చుట్టి, అంబాసిడర్ కారు వెనక సీట్లో పెట్టుకుని, అది కదలకుండా మాస్టారూ నేనూ చెరోపక్కా పట్టుకుని పెనుగొండ వెళ్ళాం.

సత్రం హాల్లో జనం కిటకిటలాడుతున్నారు. వరసలో మొట్టమొదట పిన్నిగారు నిలబడ్డారు.

“ఇప్పుడు నీకెందుకే!” అని బాబాయిగారు ఆవిణ్ణి పక్కకి లాగబోయారు.

“బాగైందంటున్నారుగా. మనం చూసుకోకుండా ఊరివాళ్ళకి ఎలా చెబుతాం?”

నక్షత్రాలు కొట్టాను. ప్రింటరు తిరుగుతున్నంతసేపూ బాబాయిగారు పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. కాగితం చింపి, “మధ్యమం అండి” అన్నాను.

ఆయన ఊపిరి వదిలారు. పిన్నిగారు తలాడించారు. “అది సరే. ఉత్తమం అని వచ్చి ఉంటే ఆ మద్రాసబ్బాయిని మళ్ళీ పిలిపించమనేదాన్ని.”

ఆ రోజంతా నా వేళ్ళకి విశ్రాంతి లేదు. మధ్యమాలు చాలా వచ్చాయి, ఎవరూ బాధపడలేదు. ఒకావిడ నక్షత్రాలతో తృప్తిపడక, అబ్బాయి గురక పెడతాడో లేదో కూడా చెప్పమంది. ఇంకొకాయన అధమం వచ్చిందని, అదే జంటని మళ్ళీ వరస చివర నిలబడి తెచ్చాడు. మధ్యాహ్నం కరెంటు పోతే జనమంతా మెషీను చుట్టూ విసనకర్రలు పట్టుకుని నిలబడ్డారు, దానికి ఉక్కపోస్తుందని.

కొన్ని నెలల తరవాత మద్రాసు నుంచి పార్సిల్లో కొత్త ఫ్లాపీ ఒకటి వచ్చింది. కంపైలరు సరిచేశారట. మాస్టారు జ్వరంతో ఆ రోజు రాలేదు. నేనొక్కదాన్నే మెషీను ముందు కూర్చుని, ఎల్స్‌కీ ఇఫ్‌కీ మధ్య ఒక ఖాళీ పెట్టి ఇచ్చాను. ఒప్పుకుంది. బోలెడన్ని ఖాళీలు పెట్టాను. ఒప్పుకుంది. అక్షరం అక్షరానికీ మధ్య ఖాళీ పెట్టి చెల్లాచెదురు చేసి ఇచ్చాను. దానికీ కిమ్మనలేదు.

ఎవరికైనా చెప్పాలనిపించి కిందికి పరుగెత్తాను. బాబాయిగారు ఎవరికో బావి గిలక చూపిస్తున్నారు.

“బాబాయిగారూ, కంపైలరు బాగైందండి. ఖాళీ ఉన్నా ఒప్పుకుంటోంది!”

“మంచిదమ్మా” అని, గిలక కొనేవాడితో, “చూడండి, ఎంత మెత్తగా తిరుగుతోందో” అన్నారు.

ఆ తరవాత ఇంతకన్నా పెద్ద మెషీన్ల దగ్గర, పెద్ద పెద్ద ఊళ్ళలో పనిచేశాను. నేను సరిగ్గా రాసినదాన్ని తప్పన్నవి ఇంకా కొన్ని ఎదురయ్యాయి. ఆ రోజు మాత్రం కొట్టు గుమ్మంలో మేకుల బస్తా మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ, ఎదురు కొట్టాయన పంపిన గోళీసోడా తాగాను. లోకంలో ఒక దుబాసీకి ఒక మాట కొత్తగా వచ్చింది. ఆ సంగతి బజారులో ఇంకెవరికీ పట్టలేదు. నాకు మాత్రం సోడా అయిపోయినా లేవాలనిపించలేదు.